ఆర్గాన్‌కు ఎక్కువ, హీలియంకు తక్కువ: జడవాయువుల ఉష్ణవాహకత కొలతలో తప్పు రెండు దిక్కులా ఎందుకు పోతోంది?

పానగల్లు మాస్టారు | మే 6, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. నల్లగొండ దగ్గర ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతున్నాను. చివరి సంవత్సరం విద్యార్థులు ముగ్గురు ఈ వేసవిలో జడవాయువుల ఉష్ణవాహకతను వేడి తీగ పద్ధతిలో కొలుస్తామని ముందుకు వచ్చారు. పరికరాన్ని మేమే తయారు చేసుకున్నాం. లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉన్న బోరోసిలికేట్ గాజు గొట్టం నడిమధ్యలో 50 మైక్రాన్ల మందం, 15 సెంటీమీటర్ల పొడవు గల ప్లాటినం తీగను బిగించి, గొట్టాన్ని బల్ల మీద అడ్డంగా పెట్టాం. కరెంటు ఒడుదొడుకుల బాధ లేకుండా 12 వోల్టుల బ్యాటరీ నుంచి రియోస్టాట్ ద్వారా తీగకు విద్యుత్తు ఇస్తున్నాం. తీగ నిరోధం ఎంత పెరిగిందో చూసి దాని ఉష్ణోగ్రతను లెక్కగడుతున్నాం. ఆ వేడి నిలవడానికి ఎంత విద్యుత్తు పడుతుందో దాని నుంచి వాయువు ఉష్ణవాహకతను రాబడుతున్నాం. గది కన్నా తీగ 20 డిగ్రీలు వేడిగా ఉండేలా ప్రవాహాన్ని సర్దుతున్నాం.

ఇక మా చిక్కు ఇది. మీటరుకు, కెల్విన్‌కు మిల్లీవాట్లలో చెబితే, 300 కెల్విన్ వద్ద పట్టికలో ఆర్గాన్ విలువ 17.7, హీలియం విలువ 155. మాకు ఆర్గాన్‌కు 19.7 వచ్చింది, హీలియంకు 131 వచ్చింది. తీగ పొడవు కొలవడంలోనో అమ్మీటరులోనో తప్పు ఉంటే రెండు వాయువులకూ ఒకే దిక్కున తేడా రావాలి కదా. ఒకటి పైకి, ఒకటి కిందికి పోవడం ఎలా సాధ్యమో వారం రోజులుగా మాకు అంతుపట్టడం లేదు. మూడేసి సార్లు కొలిచాం, ప్రతిసారీ అంతే వస్తోంది.

ప్లాటినం తీగ | మే 6, రాత్రి 10:05

మాస్టారూ, నమస్కారం. ఉద్యోగ జీవితమంతా వాయువుల ధర్మాలు కొలిచే పనిలోనే గడిపి, ఇప్పుడు వనపర్తిలో విశ్రాంతిగా ఉన్నాను. మూడుసార్లూ అదే తేడా వచ్చిందంటే మీ పిల్లల చేయి నిలకడగానే ఉంది. పరికరమే ఏదో చెబుతోంది. జవాబుకు ముందు నాలుగు సంగతులు తెలియాలి. తీగ నిరోధాన్ని ప్రవాహానికి రెండు తీగలు, వోల్టేజికి వేరే రెండు తీగలు పెట్టి కొలిచారా? గొట్టం బయట ఏముంది, గాలా నీళ్లా? గొట్టం గోడ ఉష్ణోగ్రత అని మీరు లెక్కలో వేసింది ఏ విలువ? లోపల పీడనం ఎంత?

పానగల్లు మాస్టారు | మే 6, రాత్రి 10:31

నాలుగు తీగలతోనే కొలిచాం సార్. 20 డిగ్రీల వద్ద తీగ నిరోధం 8.1 ఓములే కాబట్టి, ఒక్క డిగ్రీకి మారేది 0.03 ఓములకు కొంచెం పైన, అందువల్ల కలిపే తీగల నిరోధం లోపలికి రానివ్వకూడదని మొదటే జాగ్రత్త పడ్డాం. గొట్టం బయట గాలే ఉంది. ఫ్యాను ఆపేసి కొలిచాం. గోడ ఉష్ణోగ్రత అని గది ఉష్ణోగ్రతనే వేశాం, గదిలో తగిలించిన థర్మామీటరులో 36 డిగ్రీలు ఉంది. లోపల ఒక వాతావరణ పీడనం.

ప్లాటినం తీగ | మే 7, ఉదయం 6:20

జవాబు మీ మాటల్లోనే ఉంది. ఒక్క తప్పు కాదు, నాలుగు కలిసి ఉన్నాయి. ఏ వాయువు ఏ తప్పును పెద్దది చేసి చూపిస్తుందో విడదీస్తే చిక్కుముడి దానంతట అదే విడిపోతుంది.

మొదటిది ఉష్ణోగ్రత. గది 36 డిగ్రీలు, తీగ 56 డిగ్రీలు అయినప్పుడు మీరు కొలుస్తున్నది ఆ రెండింటి మధ్య, అంటే సుమారు 319 కెల్విన్ వద్ద వాయువును. అక్కడ ఆర్గాన్ విలువ 17.7 కాదు, 18.6 దాకా ఉంటుంది. హీలియం కూడా 162కు చేరువవుతుంది. అందువల్ల ఆర్గాన్‌లో మీ తేడా అనుకున్నంత లేదు, హీలియంలో మాత్రం అనుకున్నదానికన్నా ఎక్కువ ఉంది. మన వైపు మే నెలలో పనిచేసేవాళ్లు 300 కెల్విన్ పట్టికను ఉన్నదున్నట్టు వాడకూడదు.

రెండోది గోడ. హీలియంను ముంచింది ఇదే. తీగ నుంచి బయలుదేరిన వేడి మొదట వాయువును దాటాలి, తర్వాత గాజును దాటాలి, చివరికి గొట్టం చుట్టూ ఉన్న గాలిలోకి పోవాలి. ఈ మూడూ వరుసగా కలిపిన నిరోధాల వంటివి. నిశ్చలమైన గాలి, వికిరణం కలిసి గొట్టం పైతలం నుంచి చదరపు మీటరుకు, డిగ్రీకి సుమారు 10 వాట్లు మాత్రమే తీసుకుపోగలవు. మీ కొలతలతో లెక్క వేసి చూశాను. ఒక మీటరు పొడవుకు, రెండింటిలోనూ ఉండే 2π అనే గుణకాన్ని పక్కన పెడితే, హీలియం పొర నిరోధం 37, బయటి గాలి నిరోధం 8.7 వస్తాయి. అంటే మీరు వాయువు మీద పడిందనుకున్న 20 డిగ్రీల్లో దాదాపు 4 డిగ్రీలు అసలు గొట్టం బయటే ఖర్చవుతున్నాయి. అదే ఆర్గాన్‌కైతే వాయువు పొర నిరోధం 322, దాని ముందు 8.7 ఎంత? రెండున్నర శాతం. గాజు వాటా చాలా చిన్నది, హీలియంలోనూ అర శాతం లోపే.

మూడోది తీగ చివరలు. ప్లాటినం తీగ రెండు కొసల దగ్గర మందపాటి కడ్డీలకు అతికి ఉంటుంది కనుక కొంత వేడి తీగ వెంబడే పారిపోతుంది. కొసలు చల్లబడిన మేర ఎంత పొడవు అంటే, హీలియంలో ఒక మిల్లీమీటరు లోపే, ఆర్గాన్‌లో 2.75 మిల్లీమీటర్లు, జినాన్‌లో అయితే 5 మిల్లీమీటర్లు. వాయువు వేడిని ఎంత తక్కువగా తీసుకుంటే తీగ కొసలు అంత దూరం చల్లబడతాయి. మీ 150 మిల్లీమీటర్ల తీగలో రెండు కొసలూ కలిపి ఆర్గాన్‌కు 3.7 శాతం, హీలియంకు 1.2 శాతం విలువను పైకి నెడతాయి.

నాలుగోది సంవహనం. అడ్డంగా పెట్టిన గొట్టంలో వేడెక్కిన వాయువు పైకి లేచి, తిరిగి కిందికి దిగుతుంది. అది ఎంత జోరుగా సాగుతుందో చెప్పే రేలీ సంఖ్య మీ గొట్టంలో ఆర్గాన్‌కు 2,000 దాకా ఉంటే, హీలియంకు 30 కూడా ఉండదు. ఆర్గాన్‌లో మిగిలిన ఎక్కువంతా దీని పనే అని నా నమ్మకం.

రెండో తప్పు హీలియంను కిందికి లాగింది, మూడు, నాలుగు తప్పులు ఆర్గాన్‌ను పైకి నెట్టాయి. మీ ప్రశ్నకు జవాబు ఇంతే. ఇది సరో కాదో తేల్చడం సులభం. గొట్టం బయటి తలం మీద ఒక థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే జంట లోహాల తీగ) కొసను టేపుతో అంటించి, హీలియంతో ఒకసారి, ఆర్గాన్‌తో ఒకసారి చూడండి. హీలియంలో గోడ నాలుగు డిగ్రీలకు దగ్గరగా, ఆర్గాన్‌లో అర డిగ్రీ వేడెక్కాలి.

కనగల్ విద్యార్థిని | మే 7, మధ్యాహ్నం 1:48

సార్, ఆ ముగ్గురిలో నేను ఒకదాన్ని. థర్మోకపుల్ అంటించి చూశాం. హీలియంతో 3.7 డిగ్రీలు, ఆర్గాన్‌తో 0.6 డిగ్రీలు పెరిగింది. వేలు పెట్టి చూస్తే హీలియం ఉన్నప్పుడు గొట్టం గోరువెచ్చగా తగులుతోంది. ఇన్నాళ్లూ ఆ గొట్టాన్ని ముట్టుకుని చూడాలని మాకు తోచలేదు.

నాకు ఇంకో సందేహం ఉంది. రెండూ ఒంటరి పరమాణువుల వాయువులే, ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నాయి, అయినా హీలియం ఆర్గాన్ కన్నా దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ వేడిని ఎందుకు మోస్తుంది?

మన్నెంకొండ | మే 7, సాయంత్రం 5:15

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. నేను పాలమూరులో ఉంటూ వాయువుల అణుచలన సిద్ధాంతం మీద లెక్కలు చేసుకుంటున్నదాన్ని, కాబట్టి ఇది నాకు ఇష్టమైన చోటు.

స్నిగ్ధత, అంటే వాయువు ప్రవహించేటప్పుడు లోపల పుట్టే అడ్డు, దాని నుంచి మొదలుపెట్టు. 300 కెల్విన్ వద్ద స్నిగ్ధతలను మైక్రోపాస్కల్ సెకండ్లలో చూస్తే హీలియంకు 19.9, నియాన్‌కు 31.9, ఆర్గాన్‌కు 22.7, క్రిప్టాన్‌కు 25.6, జినాన్‌కు 23.2. జినాన్ పరమాణువు హీలియం కన్నా 33 రెట్లు బరువు. అయినా స్నిగ్ధతలో ఇద్దరికీ పెద్ద తేడా లేదు. బరువు ఎక్కువైతే మోసుకుపోయే ద్రవ్యవేగం పెరుగుతుంది, కానీ పరమాణువు పెద్దది కావడం వల్ల అభిఘాతాలు, అంటే ఒకదాన్ని ఒకటి ఢీకొనడాలు, ఎక్కువై దూరం పోలేదు, ఆ రెండూ ఒకదాన్ని ఒకటి సరిపెడతాయి.

ఉష్ణవాహకత దగ్గరికి వస్తే సంగతి మారుతుంది. ఒక్కో పరమాణువు మోసే వేడి దాని బరువు మీద ఆధారపడదు. ఒకే ఉష్ణోగ్రతలో తేలిక పరమాణువుకూ బరువు పరమాణువుకూ సగటు గతిశక్తి సమానమే. కాబట్టి ఒక కిలో వాయువు తీసుకుంటే హీలియంలో పరమాణువులు ఆర్గాన్ కన్నా పది రెట్లు ఉంటాయి, ఆ మేరకే వేడినీ మోస్తాయి. లెక్కలో చెప్పాలంటే, వాయు స్థిరాంకాన్ని అణుభారంతో భాగించి, స్నిగ్ధతతో గుణించి, ఆ వచ్చినదాన్ని 15/4తో గుణిస్తే ఉష్ణవాహకత వస్తుంది. ఆర్గాన్‌కు వేసి చూడు: 8.314ను 0.03995తో భాగిస్తే 208, దాన్ని 3.75తో గుణిస్తే 780, మళ్లీ 22.7 మైక్రోపాస్కల్ సెకండ్లతో గుణిస్తే 17.7 మిల్లీవాట్లు. హీలియంకు 155, జినాన్‌కు 5.5 వస్తాయి. కొలిచిన విలువలూ అవే.

ఈ 15/4 అనే సంఖ్య వెనుక చాలా శ్రమ ఉంది. అన్ని పరమాణువులూ ఒకే సగటు వేగంతో పోతున్నాయనుకునే తరగతి గది లెక్కలో ఇది రాదు. అందులో ఉష్ణవాహకత స్నిగ్ధతకూ విశిష్టోష్ణానికీ లబ్ధం మాత్రమే అవుతుంది. నిజానికి వేగంగా పోయే పరమాణువులు ఎక్కువ శక్తిని, మరింత దూరం మోస్తాయి కాబట్టి దాన్ని మళ్లీ రెండున్నరతో గుణించాలి. 1916, 1917 ప్రాంతంలో ఇంగ్లండులో చాప్‌మన్, స్వీడన్‌లో ఎన్‌స్కోగ్ వేర్వేరుగా బోల్ట్స్‌మన్ సమీకరణాన్ని సాధించి ఈ రెండున్నరను రాబట్టారు. పరమాణువుల మధ్య బలం ఎలా ఉన్నా ఈ సంఖ్య దాదాపు మారదు. గట్టి గోళాలనుకుంటే 2.52 అవుతుంది, అంతే.

నత్రజనికీ బొగ్గుపులుసు వాయువుకూ ఇంత శుభ్రమైన సూత్రం దొరకదు. వాటి అణువులు తిరుగుతాయి, కంపిస్తాయి, ఆ లోపలి శక్తి ఒక అణువు నుంచి ఇంకొకదానికి ఎంత తొందరగా చేరుతుందో వేరుగా లెక్కగట్టాలి. జడవాయువులకు ఆ బాధ లేదు. అందుకే సిద్ధాంతానికైనా పరికరానికైనా మొదటి పరీక్ష వీటి మీదే పెడతారు.

జడ్చర్ల క్రొమాటోగ్రఫీ | మే 7, రాత్రి 8:40

మందుల పరిశ్రమలో నాణ్యత పరీక్షల విభాగంలో పనిచేస్తాను. మీరు గాజు గొట్టంలో కట్టిన తీగ వంటిదే మా గ్యాస్ క్రొమాటోగ్రాఫులో (మిశ్రమంలోని వాయువులను, ఆవిర్లను విడదీసి చూపే యంత్రం) ఉష్ణవాహకత డిటెక్టరుగా రోజంతా పనిచేస్తుంది. వేడి తంతువు మీదుగా హీలియం పోతుంటే తంతువు చల్లగా ఉంటుంది, అందులో కాస్త నత్రజనో ద్రావణి ఆవిరో కలిసి వచ్చిన క్షణంలో వేడెక్కి నిరోధం పెరుగుతుంది. మేం కొలిచే మిగతా వాయువుల్లో చాలావరకు 30 లోపే ఉంటే హీలియం 155 దగ్గర ఉండడం వల్లే మాకు గ్రాఫులో గుర్తులు అంత ఎత్తుగా వస్తాయి. హైడ్రోజన్‌ను పట్టుకోవాలంటే మాత్రం హీలియం పనికిరాదు, ఆ రెండింటి విలువలూ దగ్గరదగ్గరగా ఉండి గుర్తు వంకరపోతుంది. అప్పుడు ఆర్గాన్‌కు మారతాం.

మాస్టారికి ఒక మాట చెప్పాలని ఉంది. హీలియంలో ఒక శాతం గాలి కలిసినా ఉష్ణవాహకత దాదాపు రెండు శాతం పడిపోతుంది. గొట్టాన్ని ఒకసారి ఖాళీ చేసి నింపడం చాలదు. ఖాళీ చేయడం, నింపడం కనీసం మూడు సార్లు జరగాలి, రబ్బరు గొట్టాల బదులు రాగి గొట్టం వాడితే ఇంకా మంచిది.

పానగల్లు మాస్టారు | మే 8, ఉదయం 7:02

అందరికీ కృతజ్ఞతలు. సార్ చెప్పిన నాలుగింటినీ వరుసగా సరిదిద్దాలనుకుంటున్నాం. గోడకు నీటి తొడుగు పెడతాం. తీగ చివరల తప్పుకు ఏం చేయాలి? సంవహనం అంటే ఊహే కాకుండా, ఉందని కొలతలో చూపించే మార్గం ఉందా?

ప్లాటినం తీగ | మే 8, ఉదయం 9:30

చివరల తప్పుకు రెండు తీగలు పెట్టండి. అదే తీగ నుంచి కోసిన ఒక 15 సెంటీమీటర్ల ముక్క, ఒక 5 సెంటీమీటర్ల ముక్క, రెంటినీ ఒకేలాంటి గొట్టాల్లో బిగించి ఒకే ప్రవాహం పంపండి. కొసల దగ్గర జరిగేది రెండింటిలోనూ ఒకటే. పొడవు తీగ వోల్టేజి నుంచి పొట్టి తీగ వోల్టేజిని తీసేస్తే, కొసలే లేని 10 సెంటీమీటర్ల తీగ మిగులుతుంది. అత్యున్నత ప్రయోగశాలల్లోనూ ఇదే ఉపాయం వాడతారు.

సంవహనానికి ప్రకృతే ఒక చక్కని పరీక్ష ఇచ్చింది. వాయువు ఉష్ణవాహకత పీడనం మీద ఆధారపడదు. పీడనాన్ని సగం చేస్తే వేడిని మోసే పరమాణువులు సగమవుతాయి, కానీ అభిఘాతాల మధ్య ఒక్కోటి పోయే దూరం రెట్టింపవుతుంది. మాక్స్‌వెల్ 1860లో స్నిగ్ధతకు ఈ సంగతి లెక్కలో తేల్చినప్పుడు తానే ఆశ్చర్యపోయి, తర్వాత భార్య క్యాథరిన్ సాయంతో ఇంట్లోనే కొలిచి చూసి, 1866లో నిజమేనని ప్రకటించాడు. సంవహనం అలా కాదు, రేలీ సంఖ్య పీడనం వర్గంతో మారుతుంది, సగం పీడనంలో నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒకటి, సగం, పావు వాతావరణ పీడనాల దగ్గర కొలవండి. విలువ దిగుతూ దిగుతూ ఒక చోట నిలబడితే, దిగినదంతా సంవహనం, నిలబడినది ఉష్ణవాహకత.

అయితే మరీ దించకూడదు. హీలియంలో స్వేచ్ఛా పథ మధ్యమం, అంటే రెండు అభిఘాతాల మధ్య పరమాణువు పోయే సగటు దూరం, వాతావరణ పీడనం వద్ద 0.19 మైక్రాన్లు. పీడనం తగ్గే కొద్దీ అది పెరిగి, తీగ తలానికీ దానిని ఆనుకున్న వాయువుకూ మధ్య ఉష్ణోగ్రతలో ఒక గెంతు ఏర్పడుతుంది. హీలియం పరమాణువు మరీ తేలిక కావడం వల్ల ప్లాటినం మీద పడి, వేడిని పూర్తిగా పుచ్చుకోకుండానే ఎగిరిపోతుంది. ఈ గెంతును 1875లో కుండ్ట్, వార్‌బుర్గ్ గుర్తించారు. మీ తీగకు హీలియంలో ఇది వాతావరణ పీడనం వద్దే ఒక శాతం, పావు పీడనం వద్ద నాలుగు శాతం దాకా ఉండవచ్చు. ఆర్గాన్‌లో పావు పీడనం వద్ద కూడా అర శాతం దాటదు. ఇది పీడనానికి విలోమంగా మారుతుంది కాబట్టి, ఉష్ణవాహకత విలోమాన్ని పీడనం విలోమానికి ఎదురుగా గ్రాఫులో గుర్తించి, ఆ సరళరేఖను అక్షం దాకా పొడిగిస్తే గెంతు లేని విలువ దొరుకుతుంది.

అంటే ఆర్గాన్‌ను సంవహనం కోసం, హీలియంను గెంతు కోసం పీడనం మార్చి చూడాలి. ఒకే పరీక్ష రెండు వాయువుల్లో రెండు వేరు వేరు తప్పులను బయటికి తీస్తుంది.

తీగ వేడిని 20 డిగ్రీల నుంచి 10కి దించడం కూడా మంచిది.

కనగల్ విద్యార్థిని | మే 11, రాత్రి 9:55

పరికరం మారుస్తూనే మన్నెంకొండ మేడమ్ చెప్పిన సిద్ధాంతాన్ని స్ప్రెడ్‌షీట్‌లో వేశాను. పరమాణువుల మధ్య ఆకర్షణ, వికర్షణలను రెండు అంకెలతో చెప్పే లెనార్డ్-జోన్స్ నమూనాలో ఆర్గాన్‌కు వ్యాసం 3.418 ఆంగ్‌స్ట్రాములు, ఆకర్షణ లోతు 124 కెల్విన్ తీసుకున్నాను. ఉష్ణోగ్రతను అణుభారంతో భాగించి వర్గమూలం తీసి, 83.2తో గుణించి, వ్యాసం వర్గంతోనూ అభిఘాత సమాకలనితోనూ (గట్టి గోళాలతో పోలిస్తే అభిఘాతాలు ఎంత ఎక్కువో తక్కువో చెప్పే సంఖ్య) భాగించాలని ఉంది. 300 కెల్విన్ వద్ద సమాకలని 1.104, ఉష్ణవాహకత 17.7 వచ్చింది. చాలా సంతోషం వేసింది.

కానీ 600 కెల్విన్ వద్ద 29.6 వస్తోంది. ఉష్ణోగ్రత వర్గమూలంతో పెరగాలి కదా మేడమ్, అలా అయితే 25 రావాలి. నా లెక్కలో ఎక్కడైనా తప్పు ఉందా?

మన్నెంకొండ | మే 12, ఉదయం 6:50

తప్పు లేదమ్మా, నీ 29.6 సరైనదే, కొలిచిన విలువ కూడా 30 దగ్గరే ఉంటుంది. వర్గమూలం నియమం బిలియర్డ్స్ బంతుల వంటి గట్టి గోళాలకు మాత్రమే. నిజమైన పరమాణువుకు గట్టి అంచు లేదు. గది ఉష్ణోగ్రతలో ఆర్గాన్ పరమాణువుల మధ్య ఆకర్షణ ఇంకా లెక్కలోకి వస్తుంది, పక్కగా పోయే పరమాణువును కూడా కొంచెం లాగి దారి మళ్లిస్తుంది, దాంతో పరమాణువు ఉన్నదానికన్నా పెద్దదిగా ప్రవర్తిస్తుంది. ఉష్ణోగ్రత పెరిగితే ఆకర్షణ లెక్కలోకి రాదు, పైగా వేగంగా వచ్చిన పరమాణువు మరొకదాని మెత్తని అంచులోకి ఇంకాస్త లోతుగా దూసుకుపోతుంది. అంటే అభిఘాతానికి అడ్డు వచ్చే పరిమాణం తగ్గుతుంది. నీ స్ప్రెడ్‌షీట్‌లో సమాకలని 1.104 నుంచి 0.93కు దిగింది చూడు, ఆ తగ్గుదలే ఇది. గట్టి గోళాలైతే ఆ గడిలో ఎప్పుడూ 1 ఉండేది.

హీలియంకు వ్యాసం 2.576, లోతు 10.2 పెట్టి చూడు, 155కు చాలా దగ్గరగా వస్తుంది. లోతు అంత చిన్నది కనుక గది ఉష్ణోగ్రతలో హీలియంకు ఆకర్షణ అన్నది లేనట్టే లెక్క.

అయితే లెనార్డ్-జోన్స్ నమూనాను మరీ నమ్మవద్దు. రెండు అంకెలను సర్దుకునే స్వేచ్ఛ ఉంది కాబట్టి అది మధ్య ఉష్ణోగ్రతల్లో బాగా కుదురుతుంది, బాగా తక్కువ, బాగా ఎక్కువ ఉష్ణోగ్రతల్లో పక్కకు జరుగుతుంది. హీలియం విషయంలో నేడు ఆ సర్దుబాటే అక్కర్లేదు. పరమాణువుకు రెండే ఎలక్ట్రాన్లు ఉండడం వల్ల, రెండు హీలియం పరమాణువుల మధ్య బలాన్ని క్వాంటం యాంత్రిక శాస్త్రంతో, ఏ ప్రయోగ ఫలితమూ వాడకుండా లెక్కగట్టారు. దాని నుంచి వచ్చిన ఉష్ణవాహకత ఇంతవరకు ఎవరు కొలిచిన విలువ కన్నా ఎక్కువ ఖచ్చితమైనది. అందుకే ఈ రోజుల్లో పరికరాన్ని ముందు హీలియంతో సరిచూసుకుని తర్వాత మిగతా వాయువుల దగ్గరికి పోతున్నారు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరుకు వచ్చాడు. ఆ ఏడాది సూర్యుని కాంతిలో కనిపించిన పసుపు గీతతోనే హీలియం కథ మొదలైంది. అదే వాయువు ఇప్పుడు కొలతలకు కొలబద్ద అయింది.

దిండి వాగు | మే 12, రాత్రి 9:18

అంతా చదివాను, చాలా నేర్చుకున్నాను. ఒక్క ప్రశ్న అడుగుతాను. తీగను క్షణం పాటు వేడి చేసి, సంవహనం మొదలయ్యే లోపే కొలత ముగిస్తే ఈ పీడనాల పని ఉండదు కదా?

ప్లాటినం తీగ | మే 12, రాత్రి 10:10

ఉండదు తమ్ముడూ, నేటి ఉత్తమ పద్ధతి అదే. 5 నుంచి 7 మైక్రాన్ల ప్లాటినం తీగలోకి ఒక్కసారిగా ప్రవాహం పంపి, ఒక సెకండు లోపల తీగ ఎలా వేడెక్కుతుందో నమోదు చేస్తారు. తీగ ఉష్ణోగ్రతను కాలం సంవర్గమానానికి ఎదురుగా గ్రాఫు గీస్తే సరళరేఖ వస్తుంది. ఆ రేఖ వాలులో తీగ మందం రాదు, గొట్టం వ్యాసం రాదు, ఒక మీటరుకు ఇచ్చిన విద్యుత్తు, ఉష్ణవాహకత మాత్రమే ఉంటాయి. వేడెక్కిన వాయువు కదలడానికి కొంత సమయం పడుతుంది, అది కదిలితే రేఖ వంగుతుంది, వంగకముందు భాగాన్నే తీసుకుంటారు. 1980లో బ్రౌన్ విశ్వవిద్యాలయంలో కెస్టిన్ బృందం గది ఉష్ణోగ్రతలో, 35 మెగాపాస్కళ్ల పీడనం దాకా జడవాయువులను ఇలాగే కొలిచింది. ఇందులో తప్పు 0.3 శాతానికి మించనంతగా పని చేయవచ్చు.

కానీ సెకండులో వెయ్యి సార్లు నిరోధాన్ని చదివే పరికరం కావాలి, 7 మైక్రాన్ల తీగను తెగకుండా బిగించే చేయి కావాలి. మాస్టారి దగ్గర ఉన్న సామానుతో నిలకడ పద్ధతే సరైనది.

పానగల్లు మాస్టారు | మే 19, రాత్రి 8:25

ఫలితాలు వచ్చాయి. గాజు గొట్టాలు రెండింటినీ నీళ్ల తొట్టిలో ముంచి, ఎయిర్ కూలర్ పంపుతో నీటిని తిప్పాం. తొట్టి వేడెక్కకుండా రంజన్ నీళ్లు కలుపుతూ 30 డిగ్రీల దగ్గర నిలిపాం. 15, 5 సెంటీమీటర్ల రెండు తీగలు, 10 డిగ్రీల వేడి, మూడేసి సార్లు ఖాళీ చేసి నింపిన వాయువు, రాగి గొట్టం. ఫ్రిజ్ మరమ్మతు చేసే ఒకాయన తన వాక్యూమ్ పంపును వారం రోజులు మాకు ఇచ్చాడు, ఆయనకు ఈ విద్యార్థులు చాలా రుణపడి ఉన్నారు.

ఆర్గాన్‌కు ఒక వాతావరణ పీడనంలో 18.8, సగంలో 18.3, పావులో 18.1 వచ్చాయి. సార్ చెప్పినట్టే దిగుతూ వచ్చి నిలబడింది. హీలియంకు అదే వరుసలో 156, 154.5, 151.7 వచ్చాయి. గ్రాఫును అక్షం దాకా పొడిగిస్తే 157.5 వద్ద తగిలింది. కొలిచిన ఉష్ణోగ్రత సుమారు 308 కెల్విన్. అక్కడ సిద్ధాంతం ప్రకారం ఆర్గాన్‌కు 18.1, హీలియంకు 158 రావాలి. హీలియంలో ఒకే పీడనం వద్ద మూడు సార్లకూ మధ్య తేడా 1 దాకా ఉంది, కాబట్టి ఆ అర ఎక్కువ తక్కువల గురించి మేం ఏమీ అనడం లేదు.

131 నుంచి 157.5కు రావడానికి వాయువులో ఏమీ మారలేదు. గొట్టం చుట్టూ నీళ్లు వచ్చాయి, అంతే. ఈ మాట మా పిల్లలు నివేదిక మొదటి పేజీలో రాసుకున్నారు.

మన్నెంకొండ | మే 19, రాత్రి 9:04

చాలా సంతోషం మాస్టారూ. ఆ హీలియం, ఆర్గాన్ విలువల నిష్పత్తిని కూడా నివేదికలో పెట్టండి. మీది 8.70, సిద్ధాంతానిది 8.73. తీగ పొడవు, గొట్టం వ్యాసం వంటి వాటిలో తెలియని తప్పు మిగిలి ఉన్నా నిష్పత్తిలో అది కొట్టుకుపోతుంది.

పంపు ఇంకా మీ దగ్గరే ఉంటే మిశ్రమం కూడా కొలవమనండి. సగం హీలియం, సగం ఆర్గాన్ కలిపితే ఎవరైనా 88 అనుకుంటారు. రాదు. వాసిల్యేవా 1904లో ఇచ్చిన సూత్రంలో, మేసన్, సక్సేనా 1958లో చెప్పిన గుణకాలు వేసి చూడండి. హీలియం పరమాణువు దారికి ఒక ఆర్గాన్ పరమాణువు 2.4 హీలియం పరమాణువులంత అడ్డం. ఆర్గాన్ దారికి హీలియం పరమాణువు 0.27 వంతే అడ్డం. అందువల్ల హీలియం వాటా 158ని 3.4తో, ఆర్గాన్ వాటా 18.1ని 1.27తో భాగించి కలిపితే 61 దగ్గర వస్తుంది. ఈ సక్సేనా మన దేశపు శాస్త్రవేత్తే, జడవాయువుల మిశ్రమాలను వేడి తీగతోనే ఏళ్ల తరబడి కొలిచినవాడు.

కనగల్ విద్యార్థిని | మే 21, సాయంత్రం 6:37

పంపు రేపు తిరిగి ఇచ్చేయాలి, అందుకని ఈ రోజే చేశాం. మనోమీటరు చూసుకుంటూ ఆర్గాన్ 190 మిల్లీమీటర్ల దాకా నింపి, దాని మీద హీలియంతో 380 దాకా తెచ్చి, రెండూ పూర్తిగా కలిసేందుకు పది నిమిషాలు ఆగి కొలిచాం. మొదటిసారి 59.6, రెండోసారి 60.9, మూడోసారి 60.2. నాలుగోసారి పావు వంతు హీలియంతో నింపుతుండగా కరెంటు పోయి పంపు, కూలరు రెండూ ఆగిపోయాయి. రేపు పొద్దున్నే ఆరు గంటలకు వచ్చి, పంపు ఇచ్చేలోగా అది కూడా ముగిస్తామని మాస్టారు అన్నారు.